సవరణ: గిలకలదిండి హార్బరు పూడికతీత గురించి

మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి ఫిషింగ్ హార్బరు నిర్వహణపై గతవారం నేను రాసిన దానిలో తప్పులు దొర్లాయి, మన్నించాలి.

వేట నిషేధం 47 రోజులని, అప్పుడు హార్బరు ఖాళీగా ఉంటుంది కనుక పూడిక తీయించడం చౌక అని రాశాను. తూర్పు తీరంలో 2015 నుంచి నిషేధం 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అంతకంటే పెద్ద పొరపాటు ఏమిటంటే, ఆ రోజుల్లో మరబోట్లన్నీ వేట మాని జెట్టీ వెంటే కట్టి ఉంటాయి గనుక లోపల డ్రెడ్జరు (పూడిక తవ్వే ఓడ) తిరగడానికి చోటు మిగలదు. అప్పుడు సులువుగా చేయగలిగేది రాకపోకలు ఆగిన మొగ (బోట్లు సముద్రంలోకి వెళ్లే ముఖద్వారం) దగ్గరి పని మాత్రమే.

మొగకు ఇరువైపులా రాతి గోడలు కడితే ఇక పూడిక ఖర్చే ఉండదన్నది కూడా సరికాదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. గోడ దానిని కొంతకాలం అడ్డుకోగలదే తప్ప ఆపేయలేదు. విశాఖ రేవుకే ఇసుక తవ్వకం తప్పడం లేదు. కాబట్టి ఎంత చిన్న హార్బరైనా బడ్జెట్‌లో పూడికతీతకు ఏటా విడి పద్దు ఉండి తీరాలి. దానిని కోసేస్తే మొగ పూడి లోతు తగ్గుతుంది, అప్పుడు నీరు పెరిగే పోటు కోసం మొగ బయట ఎదురుచూసే బోటువాళ్లే ఆ ఖర్చును డీజిలు రూపంలో, కరిగిపోయిన ఐసు రూపంలో భరిస్తారు.