యంత్రం నూర్చిన కళ్లంలో మన మేర ఎంత?

సీజన్ ఊపులో గుంటూరు మిర్చి యార్డుకు రోజుకు లక్ష టిక్కీలకు (బస్తాలకు) పైగా సరుకు దిగుతుంది. ఆ కాయ యార్డు దాటి కోల్డ్ స్టోరేజీకో, ఎగుమతిదారు గోదాముకో చేరాక దాని చుట్టూ ఆడవాళ్లు గుంపులుగా కూర్చుంటారు. ముచ్చికలు తీస్తారు. తాలుకాయ ఏరి పక్కన పడేస్తారు. కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి చేతులు మండుతుంటాయి, ఘాటుకు దగ్గు ఆగదు, ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఎర్రబడుతుంది. ఎవరూ కోరుకునే పని కాదది. కానీ ఆ కూలి మీదే అద్దెలు కట్టిన ఇళ్లు, చదువుకున్న పిల్లలు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు.

ముచ్చికలు తీసే మిషన్లు ఇప్పుడు వచ్చేశాయి. రంగు చూసి కాయను వేరుచేసే కలర్ సార్టర్లు బియ్యం మిల్లుల్లో ఎప్పటినుంచో పని చేస్తున్నాయి, మిర్చికీ వాడుతున్నారు. మిషన్ కొన్న వ్యాపారిని తప్పుపట్టలేం. ఆడవాళ్లు రోజంతా ఘాటు పీల్చే బాధ తప్పడం మంచిదే. మా ప్రశ్న వేరు. ఆ మిషన్ మిగిల్చే డబ్బులో, ఇన్నాళ్లూ ఆ పని చేసినవాళ్లకు ఏమైనా వస్తుందా?

ఈ ప్రశ్న మన ప్రాంతంలో ఇదివరకే ఒకసారి అడగాల్సింది. కృష్ణా డెల్టాలో వరి కోత మిషన్లు దిగినప్పుడు ఎవరూ అడగలేదు. కోత, కట్టేత, కుప్ప, నూర్పిడి అంటూ వారాల తరబడి సాగిన పని ఎకరానికి గంటా గంటన్నరలో ముగుస్తోంది. రైతుకు కలిసొచ్చింది, కూలీలు దొరక్క పంట వానకు తడిసే టెన్షన్ తగ్గింది. కూలీల ఇళ్లలో మాత్రం ఏడాది తిండిగింజలు తెచ్చిపెట్టే కోతల కాలమే మాయమైంది. వాళ్లలో కొందరు మిరప కోతలకు మళ్లారు, కొందరు పట్నం చేరి అడ్డా మీద నిలబడ్డారు. వాళ్లకు పరిహారం ఇవ్వాలన్న మాట ఏ ప్రభుత్వమూ అనలేదు, పత్రికలుగా మేమూ గట్టిగా అడగలేదు.

పూర్వం కళ్లంలో ధాన్యం తూర్పారబట్టాక రైతు ఇంటికి చేరకముందే మేరలు, అంటే పనివాళ్ల వాటాలు, కొలిచేవారు. వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి వాటా ఉండేది. చేలో రాలిన పరిగె ఏరుకునే హక్కు పేదలది. ఆ ఏర్పాటులో కులం ఉంది, వెట్టి ఉంది, కొలిచేవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడే అవమానం ఉంది. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఒక విషయం మాత్రం అందులో స్పష్టంగా ఉండేది. పంట ఒక్కడి కష్టంతో పండదని, వాటా తీశాకే మిగిలింది యజమానిదని ఊరంతా ఒప్పుకునేది. సార్వత్రిక కనీస ఆదాయం అనే మాటను మేము ఇలాగే అర్థం చేసుకుంటున్నాం. కులం అడగకుండా, చాకిరీ అడగకుండా, చేతులు కట్టించకుండా ప్రతి మనిషికీ నెలనెలా అందే మేర అది.

పని నేర్చినవాళ్లకూ, చదువుకున్నవాళ్లకూ ఈ సెగ తగులుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ బోరు పని, గేర్ బాక్సు పని నేర్చుకున్న మెకానిక్ ముందుకు వచ్చే ఎలక్ట్రిక్ ఆటోలో బోరూ లేదు, ఇంజన్ ఆయిల్ మార్చే పనీ లేదు. గుంటూరు, విజయవాడ చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు 2025 జూలై వార్త మరచిపోలేదు. టీసీఎస్ అప్పుడు 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. కారణం ఏఐ కాదని కంపెనీ చెప్పింది, మేము కాదనం. అయినా కొత్తగా చేరేవాడికి అప్పగించే చిన్న చిన్న కోడింగ్ పనిని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసిపెడుతోందని ఆ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల ఫోన్లలోనే రోజూ చూస్తున్నారు.

పాత పని పోతే కొత్త పని వస్తుందని ఆర్థికవేత్తలు అంటారు. చరిత్ర చూస్తే చాలావరకు నిజమే. అయితే వచ్చిన పని, పోగొట్టుకున్న మనిషికే రావాలని లేదు. సార్టర్ మిషన్ నడిపే ఉద్యోగం ఐటీఐ చదివిన కుర్రాడికి వస్తుంది, 45 ఏళ్ల ముచ్చికల కూలీకి రాదు. పని పోయినవాడు ఇవాళ ముందుగా పట్టుకునేది డెలివరీ బైకు. దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 2020-21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. యాప్ ఆర్డర్ ఇస్తే కూలి, ఇవ్వకపోతే లేదు. దాన్ని కొత్త ఉద్యోగం అనడానికి మాకు నోరు రావడం లేదు.

సార్వత్రిక కనీస ఆదాయం అనే ఆలోచన మన దేశానికి కొత్త కాదు. అరవింద్ సుబ్రమణియన్ కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్నప్పుడు 2016-17 ఆర్థిక సర్వే దీనికి ఒక అధ్యాయమే కేటాయించింది. జనాభాలో 75 శాతం మందికి, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు ఇస్తే స్థూల దేశీయోత్పత్తిలో (జీడీపీ) 4.9 శాతం ఖర్చవుతుందని లెక్క కట్టింది. అంటే నెలకు 635 రూపాయలు. ఆ తర్వాత ఆ అధ్యాయాన్ని తిరిగి తెరిచినవాళ్లు తక్కువ.

డబ్బు ఊరికే ఇస్తే జనం సోమరులవుతారనే మాట ఎప్పుడూ వినేదే. మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ అనే స్వయం ఉపాధి మహిళల సంఘం యూనిసెఫ్ సాయంతో 2011లో మొదలుపెట్టిన ప్రయోగంలో 8 గ్రామాల్లో అందరికీ నెలనెలా డబ్బు ఇచ్చారు. పెద్దలకు 200, పిల్లలకు 100 రూపాయలు, తర్వాత 300, 150కి పెంచారు. జనం పని మానలేదు. కూలికి వెళ్లేవాళ్లలో కొందరు సొంత చేను, సొంత మేకల మీద ఎక్కువ కష్టపడ్డారు. తిండి మెరుగుపడింది. తాగుడు ఖర్చు పెరిగిందనడానికి ఆధారం కనిపించలేదు. ఫిన్లాండ్ 2017, 2018లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చి చూసింది. వాళ్లు పనికి దూరం కాలేదు సరికదా మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ రోజులే పని చేశారు, మనసులో ఆందోళన తగ్గింది. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడిన నేల మనది. మగవాడి జేబులో పడిన డబ్బు ఎటు పోతుందో మన అమ్మలకు బాగా తెలుసు. అందుకే ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలోనే, పిల్లల వాటా తల్లి ఖాతాలోనే పడాలి.

అసలు చిక్కు అందరికీ ఎందుకు అనే దగ్గర ఉంది. పేదలకు మాత్రమే ఇస్తే చాలదా అని మంచి మనసున్నవాళ్లే అడుగుతారు. జాబితా రాయడం మొదలుపెట్టగానే ఏం జరుగుతుందో తెలుగువాళ్లం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు భూమి పట్టా చూసి డబ్బు వేసింది. పదుల ఎకరాలున్న ఆసామికి అందింది, ఆ పొలం దున్నే కౌలు రైతుకు అందలేదు. కేంద్రం ఏటా 6,000 ఇచ్చే పీఎం కిసాన్ కూడా భూమి ఉన్న కుటుంబాలకే. కౌలు మీద నడిచే మన డెల్టాలో ఆ మాటకు అర్థం ఏమిటో వేరే చెప్పాలా? ఆంధ్రప్రదేశ్‌లో ఆరు అంచెల పరిశీలన పేరిట నడిచిన తతంగమూ గుర్తుంది. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటితే పథకం కట్. ఒకే మీటరు కింద అద్దెకున్న మూడు కాపురాలకు అదేం లెక్క? మిషన్ వల్ల పని పోయినవాళ్లకే సాయం అంటే ఇంకా కష్టం. ముచ్చికల కూలీకి అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, తీసేశారనే కాగితమూ ఉండదు. ఒకరోజు మేస్త్రి ఫోన్ చేయడు, అంతే. తన పని మిషన్ లాక్కుందని ఆమె ఏ ఆఫీసులో, ఏ కాగితంతో రుజువు చేయాలి? అందరికీ ఇచ్చేస్తే ఆ రుజువు అక్కర్లేదు. ఉన్నవాళ్లకూ వెళ్లిన డబ్బును పన్ను రూపంలో వెనక్కి తీసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. ఈ డబ్బు పేరు చెప్పి రేషన్ బియ్యం, సర్కారు ఆసుపత్రి, సర్కారు బడి మీద చేయి వేస్తామంటే మేము గట్టిగా వ్యతిరేకిస్తాం. కొన్ని పథకాలు తీసేసి వాటి బదులు నగదు ఇద్దామన్న ఆలోచన ఆర్థిక సర్వేలోనూ ఉంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఖజానా ఖాళీ అవుతుందన్నారు. 30 ఏళ్లకు దేశమంతటికీ ఆహార భద్రత చట్టం వచ్చింది. మార్కెట్లో ధర పెరిగితే నగదు విలువ కరిగిపోతుంది, రేషన్ కిలో కిలోగానే ఉంటుంది.

డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు తప్పించుకునే జవాబు మేము ఇవ్వం. రాష్ట్రంలో సుమారు 5 కోట్ల మందికి నెలకు 1,000 చొప్పున ఇస్తే ఏడాదికి 60 వేల కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అంటే దాదాపు ఐదో వంతు. జీతాలు, అప్పుల వడ్డీలు పోగా మిగిలేదాంట్లో రాష్ట్రం ఒంటరిగా ఇది మోయలేదు, కేంద్రం భుజం కలపాల్సిందే. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను అందుకుంటున్న వృద్ధుల ఇళ్లను చూస్తే ఒకటో తేదీన వచ్చే డబ్బు మనిషిని ఎంత నిటారుగా నిలబెడుతుందో తెలుస్తుంది.

కొత్త ఆదాయం వెతకాల్సిన చోటు ఒకటుంది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. పెట్టుబడి రావాలి, స్వాగతిస్తున్నాం. కానీ డేటా సెంటర్ అనేది పెట్టుబడితో పోలిస్తే అతి తక్కువ మందికి శాశ్వత ఉద్యోగం ఇచ్చే పరిశ్రమ. అలాంటి పరిశ్రమలకు ప్రభుత్వాలు ఇచ్చే భూమి, నీరు, కరెంటు రాయితీలు ప్రజలవి. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం తన చమురు రాబడిలో కొంత నిధిగా దాచి, 1982 నుంచి ఏటా అక్కడి నివాసులకు వాటా పంచుతోంది. రాయితీ ఒప్పందం రాసుకునేటప్పుడే ప్రజల నిధికి ఇంత అని ఒక వాక్యం రాయించుకోవడానికి మనకు అడ్డమేమిటి?

ముందుగా ఒక ప్రయోగం చేయమని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. గుంటూరు యార్డు చుట్టూ కొన్ని వార్డులు, విజయవాడ ఆటోనగర్ పక్కన కొన్ని, కౌలు రైతులు ఎక్కువున్న కొన్ని డెల్టా గ్రామాలు కలిపి 50 వేల మందిని తీసుకోవాలి. ఆ హద్దుల్లో ఉన్న అందరికీ, ఏ పరీక్షా లేకుండా, రెండేళ్లపాటు నెలకు 1,000 ఇవ్వాలి. ఏడాదికి 60 కోట్లవుతుంది. లెక్కలు రాసే పని మన విశ్వవిద్యాలయాలకు అప్పగించి, ఫలితం ఎలా ఉన్నా బయటపెట్టాలి.

మొదలుపెట్టే నెల కూడా చెబుతాం. ఎండలు ముదిరాక మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులు ఇస్తారు. ఆ రోజుల్లో కాటాలు ఆగిపోతాయి, హమాలీలకు కూలి ఉండదు, జూన్‌లో బడి ఫీజులు మాత్రం ఆగవు. మొదటి వెయ్యి ఆ సెలవుల్లోనే వాళ్ల ఖాతాల్లో పడాలి.