కార్డు మీద పెద్ద అంకె మీ కోసం కాదు

కెమెరా కొనే ముందు నెలల తరబడి రివ్యూలు చూస్తారు. లెన్స్ అయితే మూలల్లో షార్ప్‌నెస్ తగ్గుతోందా అని వంద శాతం జూమ్ చేసి మరీ వాదించుకుంటారు. మెమరీ కార్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో ఒక 128 జీబీ చాల్లే" అనేస్తారు. షట్టర్ నొక్కిన క్షణం నుంచి కంప్యూటర్‌లోకి చేరేదాకా ఆ ఫొటో ఉండేది ఆ తపాలా బిళ్లంత ముక్కలోనే, ఇంకెక్కడా లేదు. దాని మీద ఇంత చిన్నచూపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోస్ట్ పొడుగే, ఓపిక ఉంటే చదవండి.

కార్డు ముందువైపు పెద్దక్షరాల్లో 200 అని ఉంటుంది చూడండి, సెకనుకు 200 ఎంబీ అని. అది చదివే వేగం. షూట్ అయిపోయాక కంప్యూటర్‌లోకి కాపీ చేసుకునేటప్పటి లెక్క. అదైనా నిలకడగా వచ్చేది కాదు, అన్నీ కలిసొస్తే అందుకోగల గరిష్ఠం. షూట్ చేస్తున్నంతసేపూ మనకు కావలసింది రాసే వేగం. అందులోనూ ఎంత సేపు రాసినా ఇంతకంటే కిందికి పడిపోనన్న హామీ. ఆ హామీ ఎక్కడో మూలన చిన్న వీ అక్షరం పక్కన ఉంటుంది. వీ30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ, వీ60 అంటే 60, వీ90 అంటే 90. యూ అక్షరం లోపల 3 ఉంటే అదీ 30కే. పాత క్లాస్ 10 గుర్తు 10కి మించి ఏ భరోసా ఇవ్వదు. అమ్ముకోవడానికి పనికొచ్చే అంకె పెద్దగా, వాడుకోవడానికి పనికొచ్చే అంకె చిన్నగా! ఏదో పొరపాటున అలా అచ్చయిందని నేనైతే అనుకోను.

ఇంకో తమాషా ఉంది. ఎస్డీ కార్డు డేటా పంపే దారికి యూహెచ్‌ఎస్ అని పేరు, అందులో మొదటి రకమైన యూహెచ్‌ఎస్-1 కార్డుల మామూలు పరిమితి సెకనుకు 104 ఎంబీ. మరి అదే గుర్తున్న కార్డు మీద 170, 200 ఎలా వేస్తున్నారు? కంపెనీ తన సొంత పద్ధతేదో పెట్టుకుంటుంది, దానికి సరిపడే రీడర్ ఉంటేనే ఆ వేగం వస్తుంది. మీ కెమెరాకు ఆ సంగతే తెలియదు, అది 104 దాటదు. నిజంగా అంతకు మించిన వేగం కావాలంటే యూహెచ్‌ఎస్-2 కార్డు కొనాలి. గుర్తుపట్టడం తేలికే, కార్డు తిరగేసి చూడండి. బంగారు రంగు పట్టీలు ఒక వరుసే ఉంటే యూహెచ్‌ఎస్-1, దాని కింద ఇంకో వరుస ఉంటే యూహెచ్‌ఎస్-2. దీని పరిమితి 312. కాకపోతే కెమెరా స్లాట్‌లో కూడా ఆ రెండో వరుస పిన్నులు ఉండాలి. లేకపోతే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా పాత వేగంతోనే నడుస్తుంది.

వీడియో తీసేవాళ్లు తడబడేది మెగాబిట్, మెగాబైట్ దగ్గర. కెమెరా మెనూలో కనిపించేది మెగాబిట్లు, కార్డు మీద ఉండేవి మెగాబైట్లు. ఎనిమిదితో భాగించండి, టెన్షన్ పోతుంది. 100 మెగాబిట్ల 4కే వీడియోకి సెకనుకు 12.5 ఎంబీ చాలు, వీ30 కార్డు హాయిగా సరిపోతుంది, గంటకు 45 జీబీ నిండుతుంది. 400 మెగాబిట్లంటే 50 ఎంబీ, అక్కడ వీ60 తప్పదు. ఇంత చిన్న లెక్క చేసుకోకుండా కొందరు వీ90 కొని డబ్బు తగలేస్తారు. ఇంకొందరు వీ30 పెట్టి రికార్డింగ్ మధ్యలో ఆగిపోతోందని కెమెరాను తిడతారు.

ఫొటోల సంగతి వేరు. 45 ఎంబీ రా ఫైళ్లు (సెన్సర్ ఇచ్చినది ఇచ్చినట్టు దాచే పెద్ద ఫైళ్లు) సెకనుకు పది తీస్తే 450 ఎంబీ. వీటిని వచ్చినవి వచ్చినట్టు రాసుకోవడం యూహెచ్‌ఎస్-2 కార్డు వల్ల కూడా కాదు. అందుకే ముందు కెమెరాలోని తాత్కాలిక మెమరీలో, అంటే బఫర్‌లో పడతాయి, అక్కడి నుంచి కార్డులోకి వెళతాయి. కార్డు నెమ్మదిదైతే బఫర్ నిండి షట్టర్ బిగుసుకుపోతుంది, సరిగ్గా పక్షి రెక్క విప్పే వేళకి. ఆటలు, పక్షులు తీసేవాళ్లు సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే ఇంకా వేగమైన కార్డు పట్టే స్లాట్ ఉన్న కెమెరాకు ఎందుకు ఎగబడతారో దీంతో అర్థమవుతుంది. ట్రైపాడ్ వేసుకుని ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకీ, నింపాదిగా పోర్ట్రెయిట్లు తీసేవాళ్లకీ మాత్రం పేరున్న కంపెనీ వీ30 కార్డు ఎక్కువే. ఆ మిగిలిన డబ్బుతో రెండో కార్డు కొనుక్కోండి.

కొన్నారు సరే, అసలుదేనా? నకిలీ కార్డుల్లో ఘోరమైన రకం ఒకటుంది. లోపల ఉన్న చిప్ 32 జీబీదే, దాన్ని నడిపే కంట్రోలర్ మాత్రం కెమెరాతో 256 అని చెప్పేస్తుంది. కెమెరా నమ్ముతుంది, కంప్యూటరూ నమ్ముతుంది. ఆ 32 దాటాక తీసినవన్నీ గాల్లో కలుస్తాయి, లేదా పాతవాటి మీదే రాసేస్తాయి. ఫైల్ పేర్లు చక్కగా కనబడుతుంటాయి, తెరిస్తే ఏమీ ఉండదు. కాబట్టి కార్డు చేతికొచ్చిన రోజే విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో, లినక్స్‌లో అయితే ఎఫ్3 అనే సాఫ్ట్‌వేర్ పెట్టి పరీక్షించండి. కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ప్యాకింగ్ చూసి అసలుదని తేల్చేసే నిపుణులకో దండం.

"ఒకటే పెద్ద కార్డు వద్దు, చిన్నవి నాలుగు వాడు" అన్న సలహా అందరూ ఇస్తారు. నాకది అంతగా నచ్చదు. మార్చిన ప్రతిసారీ జారిపోవడానికో, నిండినదీ ఖాళీదీ కలిసిపోవడానికో ఒక అవకాశం ఇచ్చినట్టే. రెండు స్లాట్లున్న కెమెరా ఉంటే రెండింటిలోనూ ఒకే ఫొటో పడేలా పెట్టుకోండి. కొన్ని కెమెరాలు కొనగానే ఒకటి నిండాక రెండోదానికి వెళ్లే సెట్టింగ్‌లో వస్తాయి. మెనూలోకి వెళ్లి దాన్ని బ్యాకప్‌కి మార్చుకోవాలి. రెండు స్లాట్ల కెమెరాతో పెళ్లిళ్లు షూట్ చేస్తూ ఆ మెనూ ఒక్కసారి కూడా తెరవనివాళ్లు ఎంతమందో! ఒకటే స్లాట్ ఉంటే అప్పుడు చిన్న కార్డుల వాదనకి నేనూ ఒప్పుకుంటాను.

ఫార్మాట్ కెమెరాలోనే చెయ్యండి, కంప్యూటర్‌లో కాదు. ఫొటోలు వేరువేరు డిస్కుల్లో రెండు చోట్ల పడ్డాయని తెరిచి చూసుకున్నాకే చెయ్యండి. పొరపాటున ముందే కొట్టేస్తే కంగారు పడకండి. మామూలు ఫార్మాట్ అంటే ఇంటి నంబరు చెరిపెయ్యడమే, ఇల్లు కూలగొట్టడం కాదు. ఆ కార్డు మీద ఇంకొక్క షాట్ కూడా తియ్యకుండా బయటికి తీసేయండి. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి వస్తాయి. కార్డులో డేటా అంతా చెరిపేసే లో లెవెల్ ఫార్మాట్ కొట్టి ఉంటే మాత్రం ఆశ వదులుకోవచ్చు. షూట్ మధ్యలో వెనక స్క్రీన్ చూసుకుంటూ ఒక్కొక్కటీ డిలీట్ చేసే అలవాటైతే నాకు అస్సలు గిట్టదు. అంత చిన్న స్క్రీన్ మీద ఏది బాగుందో ఏం తెలుస్తుంది? పైగా వేలు తప్పితే పోయేది మంచి ఫొటోనే.

షట్టర్ నొక్కిపట్టి వరుసగా తీసే బర్స్ట్ ఆగిపోయాక కూడా కార్డు తలుపు పక్కన ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. బఫర్‌లో ఉన్నవి ఇంకా రాస్తోందన్నమాట. అప్పుడు తలుపు తెరిచి కార్డు లాగేస్తే పోయేది ఆ చివరి ఫొటో ఒక్కటే కాకపోవచ్చు. ఫైళ్ల చిట్టా సగం రాసి ఉంటే కార్డు మొత్తం చదవనని మొండికేస్తుంది. బ్యాటరీ చివరి గీత మీద ఉండగా బర్స్ట్ కొట్టినా ఇదే ప్రమాదం.

ఎస్డీ కార్డు పక్కన లాక్ మీట ఉంటుంది కదా, అది ఎక్కడికీ కనెక్ట్ అయి ఉండదు. ఉత్త ప్లాస్టిక్ ముక్క. కార్డుకు దాని సంగతే తెలియదు, స్లాట్ దాన్ని తడిమి చూసి లాక్ అయిందో లేదో తేల్చుకుంటుంది. అది వదులైతే లోపలికి నెట్టేటప్పుడు జరిగిపోయి కార్డు లాక్ అయిందని కెమెరా గోల పెడుతుంది. ఊడిపోతే ఇక ఎప్పుడూ లాకే. ఆ ఖాళీ మీద సన్నని టేపు ముక్క అంటిస్తే ఆ పూటకి పని జరుగుతుంది. తర్వాత ఆ కార్డు మార్చెయ్యండి, టేపు ఊడి స్లాట్‌లో ఇరుక్కుంటే ఖర్చు కెమెరాకి.

విమానాశ్రయం ఎక్స్-రే కార్డును ఏమీ చెయ్యదు. ఆ భయం ఫిల్మ్ రీళ్లది. ఇంట్లో ఉండే అయస్కాంతాలూ ఏమీ చెయ్యవు. నిజంగా భయపడాల్సింది కార్డును బీరువాలో పెట్టి అదే ఆర్కైవ్ అనుకునేవాళ్లు. ఫ్లాష్ మెమరీలో డేటా అంటే నిలిచి ఉన్న ఎలక్ట్రిక్ చార్జ్, అది ఏళ్లు గడిచేకొద్దీ కారిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట: "ఒకసారి ఎర్రర్ కొట్టింది గానీ ఫార్మాట్ చేశాక బానే ఉంది." స్లాట్, రీడర్, బ్యాటరీ అన్నీ సరిగ్గా ఉండి కూడా ఎర్రర్ కొట్టిన కార్డును, ఫొటోలు రికవర్ చేసుకున్నాక, విరిచి పారెయ్యండి. స్పేర్‌గా ఉంటుందని బ్యాగులో పెట్టుకోకండి. కొత్తగా నేర్చుకుంటున్నారు కదా అని ఎవరికో ఉదారంగా ఇచ్చెయ్యకండి.