సవరణ: మైక్రోకరెంట్, టెన్స్ ఒకటి కాదు

అమలాపురంలో కొబ్బరి దింపు తీసే మా బాబాయి భుజం నొప్పి గురించి మొన్న రాస్తూ, మైక్రోకరెంట్ (నొప్పికి చర్మం మీంచి అతి సన్నటి కరెంటు పంపే చికిత్స) ప్యాడ్లు పెడితే జివ్వుమనాలని, లేకపోతే మిషన్ పనిచేయనట్టేనని అన్నాను. అది తప్పు. జివ్వుమనేది టెన్స్ (TENS, నొప్పికి చర్మం మీంచి నరాలకు కరెంటు పంపే ఇంకో రకం మిషన్), అందులో కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది. మైక్రోకరెంట్‌లో 1 మిల్లీఆంపియర్ లోపే, అందుకే సాధారణంగా ఏమీ తెలియదు. ఫిజియోథెరపీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ ఇదే. తెలియట్లేదు కదా అని డయల్ తిప్పేయకండి.

మైక్రోకరెంట్‌తో కణాల్లో శక్తి పెరుగుతుందనడానికి తరచూ చూపించే 1982 ప్రయోగం ఎలుక చర్మం మీద చేసింది, మన భుజాల మీద కాదు (అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు). ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులుండే జబ్బు) లాంటి మొండి జబ్బులకు ఇది పనిచేస్తుందనే ఆధారాలు ఇంకా పలచనే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ప్యాడ్లు అంటించుకోవద్దు.