దిద్దకపోతే తప్పులే అలవాటవుతాయా?

తరగతిలో ఫ్రీరైటింగ్ (కొద్ది నిమిషాలు ఆగకుండా, దిద్దుకోకుండా తోచింది రాసుకుంటూ పోవడం) గురించి టీచర్ల మధ్యా తల్లిదండ్రుల మధ్యా ఒక వాదన బాగా తిరుగుతోంది. దిద్దకుండా రాయిస్తే తప్పులే అలవాటవుతాయనీ, పీరియడ్ వృథా అనీ, పిల్లలు పిచ్చిరాతలతో పేజీ నింపేస్తారనీ, పరీక్షకు పనికిరాదనీ, అసలిది అమెరికా కాలేజీల పద్ధతనీ. ఇందులో మొదటి మాట సగం నిజం కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

"తప్పులు అలవాటవుతాయి." రాయించి అక్కడితో వదిలేస్తే ఆ ప్రమాదం ఉంది. కానీ ఫ్రీరైటింగ్ మొదటి మెట్టు మాత్రమే. ఏడెనిమిది తరగతుల పిల్లలకు మొదట ఐదు నిమిషాలు, రెండు మూడు వారాల తర్వాత ఎనిమిది నిమిషాలు చాలు. పెన్నుతోనే రాయాలి, రబ్బరు ఉండకూడదు. చెయ్యి ఆగకూడదు, రాసింది వెనక్కి చదవకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. ఒత్తు దగ్గర అనుమానమొస్తే పలికినట్టే రాసి కింద గీత పెట్టి ముందుకు సాగాలి. గంట కొట్టాక ఎవరిది వాళ్లు చదువుకుని, నచ్చిన ఒక్క వాక్యానికి గుర్తు పెట్టుకుంటారు. తర్వాతి పీరియడ్‌లో ఆ వాక్యం పట్టుకుని ఒక పేరా రాస్తారు. దిద్దాల్సింది ఆ పేరానే.

మరో సంగతి. ఎర్రసిరాకు భయపడే పిల్లలు తప్పులు మానరు, తప్పు వచ్చే మాటలు మానేస్తారు. అందుకే వాళ్ల వ్యాసాల్లో అంతా "చాలా బాగుంది" దగ్గర ఆగిపోతుంది. ఆగకుండా రాసినప్పుడు "వెల్లాను", "భాద", "విధ్యార్థి" బయటపడతాయి. ("భాద" పెద్దవాళ్ల ఫ్లెక్సీల మీద కూడా కనిపిస్తుంది, పిల్లల్ని మాత్రమే తప్పుపట్టడం అన్యాయం.) నలభై మంది తరగతిలో వారానికి ఎనిమిది పుస్తకాలు చూసినా ఎక్కువమందికి వస్తున్న రెండు మూడు తప్పులు దొరికిపోతాయి. ఎవరి పేరూ ఎత్తకుండా వాటిమీద పది నిమిషాలు బోర్డు పాఠం చెబితే, నలభై పుస్తకాలు దిద్ది అలిసిపోవడం కంటే ఎక్కువ పని జరుగుతుంది.

అయితే మరీ నెత్తికెత్తుకోవడమూ తప్పే. 1986లో అమెరికా పరిశోధకుడు జార్జ్ హిల్లాక్స్ రచనా బోధన మీద జరిగిన ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టినప్పుడు ఫ్రీరైటింగ్‌కు వచ్చిన ప్రభావం (రాత ఎంత మెరుగైందో చెప్పే అంకె, సున్నా అంటే తేడా లేనట్టు) 0.16 మాత్రమే. పిల్లలు సమాచారాన్ని పరిశీలించి, తర్కించి రాసే పద్ధతికి 0.56 వచ్చింది. వ్యాకరణాన్నే పట్టుకున్న బోధనకు మాత్రం సున్నా కంటే తక్కువగా, మైనస్ 0.29. ఫ్రీరైటింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం కొంచెమే, ముడిసరుకు తీయడానికి వాడుకోవాలి.

"పిచ్చిరాతలే వస్తాయి." వస్తాయి, ముఖ్యంగా మొదటి వారం. "ఏం రాయాలో తెలీట్లేదు" అని నాలుగుసార్లు రాయడం నియమం ప్రకారమే ఒప్పు, ఐదోసారికి విసుగొచ్చి ఇంకేదో వస్తుంది. రెండు వారాల తర్వాత కూడా అదే వస్తుంటే లోపం ఇచ్చిన అంశానిది. "మా ఊరు" అంటే గైడులోని వ్యాసం దిగుతుంది. "కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో", "మా వీధిలో ఎక్కువ అరిచేది ఎవరు" అంటే బట్టీకి చోటుండదు. చెడగొట్టే అలవాట్లు ఇంకా ఉన్నాయి: బెంచీల మధ్య తిరుగుతూ తొంగిచూడటం (పిల్లలు చేత్తో కప్పేసుకుంటారు), మార్కులు వేయడం, బలవంతంగా పైకి చదివించడం, అల్లరికి శిక్షగా రాయించడం. టీచరు కూడా కూర్చుని రాస్తే సగం సమస్య పోతుంది.

తాను చదువుతానో లేదో టీచరు ముందే చెప్పాలి. చదవనని చెప్పి చదవడం పచ్చిమోసం. ఇంట్లో హింస లాంటిది బయటపడితే మాత్రం అది రచనా పాఠం కాదు, హెడ్‌మాస్టరుకు చెప్పాలి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి.

"పీరియడ్ వృథా." నలభై ఐదు నిమిషాల్లో ఐదు నిమిషాలు. సైన్సు తరగతిలోనైతే మూడే చాలు. బాష్పీభవనం పాఠానికి ముందు "ఆరేసిన బట్టల్లో నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని రాయిస్తే, "బట్టే పీల్చేసుకుంటుంది" అనుకునేవాళ్లు ఎవరో పాఠం మొదలవకముందే తెలుస్తుంది.

"పరీక్షకు పనికిరాదు." మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో "వ్యక్తీకరణ-సృజనాత్మకత" అని ఒక సామర్థ్యమే ఉంది. లేఖ, కరపత్రం, సంభాషణ సొంతంగా రాయమంటారు. గడియారం చూసుకుంటూ, గైడు లేకుండా, మొదటి వాక్యం దగ్గరే ఇరుక్కుపోకుండా రాయడం అక్కడ కావాల్సిన పని.

ఇక అమెరికా మాట. పీటర్ ఎల్బో 1973లో రాసిన పుస్తకంతో దీనికి పేరొచ్చిన మాట నిజం, ఆయన కాలేజీ అధ్యాపకుడే. కాబట్టి ఉన్నదున్నట్టు దించుకోకూడదు. గుణింతాలు ఇంకా కుదరని పిల్లలకు ఇది పెట్టొద్దు. వాళ్లు బొమ్మ గీసి, దాని గురించి చెబితే టీచరు రాసిపెట్టాలి. ఇంట్లో లంబాడీ, గోండీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగు మాట తట్టనప్పుడు తమ మాటనే తెలుగు లిపిలో రాసుకోవచ్చు. దాని తెలుగు మాట పేరా రాసే రోజు వెతుక్కుంటారు.