మట్టి మోసే మనిషికి వాకింగ్ చెయ్యమని చెప్తారా?

ఇప్పుడే పెద్దమ్మను ఆసుపత్రి నుంచి ఇంట్లో దింపాను. ఒళ్లు మండిపోతోంది. చీపురుపల్లి అవతల ఉన్న మా ఊరి నుంచి ఏమీ తినకుండా ఆటోలు మారి వచ్చిన మనిషిని, వరుసలో అందరి ముందూ ఆసుపత్రివాళ్లు "ఇంత లావుంటే షుగరు రాక ఏమవుతుంది? వాకింగ్ చెయ్యి, అన్నం మానెయ్యి" అని కసిరారు. తప్పు చేసినదానిలా తల దించుకుంది పెద్దమ్మ.

ఉపాధి పనిలో తట్టలు మోస్తుంది ఆవిడ. ఊడుపుల రోజుల్లో సాయంత్రం దాకా వంచిన నడుము ఎత్తదు. ఆవిడకు వాకింగా? ఏం పని చేస్తావమ్మా, ఏం తింటావమ్మా అని ఒక్క మాట అడిగారా?

అన్నం మానేసి ఏం తినాలో కూడా చెప్పాలి కదా! రేషన్‌లో ఎక్కువగా వచ్చేది బియ్యమే. పప్పు కొనాలంటే కూలి డబ్బులు చూసుకోవాలి. రెండు పూటలా ఇంత అన్నం, కాస్త పులుసు. మా తాతల రోజుల్లో పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి పొలానికి వెళ్లేవాళ్లు. ఆ చోళ్లనే ఇప్పుడు ప్యాకెట్లో పోసి టౌన్లో ఆరోగ్యం పేరుతో అమ్ముతుంటే, పండించిన ఊళ్లో వండుకునేవాళ్లు తగ్గిపోయారు.

ఇక మందులు. పది రోజులకు షుగరు బిళ్లలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి, మిగతావి స్టాకు వచ్చాక రమ్మన్నారు. మళ్లీ వస్తే ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు మీద పడుతుంది. అందుకే మా వైపు ఆడవాళ్లు బిళ్లను సగానికి విరిచి సరిపెట్టుకుంటారు. వాళ్లకే మళ్లీ "మందులు సరిగ్గా వాడట్లేదు" అని తిట్లు. మూడు నెలల సగటు షుగరు చెప్పే టెస్టేమో బయట చేయించుకోవాలట.

లావు గురించి అంత మాట్లాడారు కదా, టేపు పెట్టి నడుము కొలిచారా? మనవాళ్లకు తక్కువ బరువుకే షుగరు వస్తుంది. ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్తపడాలి. సన్నగా ఉన్నా రావచ్చు. మా వీధిలో ఒకాయన బక్కపలచని మనిషి. "నీకు షుగరేంటయ్యా" అని టెస్టే చెయ్యలేదు. కాలి పుండు మానక వేలు తీసేసిన రోజున తెలిసింది ఆయనకు షుగరుందని. ఆ మనిషి ఇప్పుడు చెప్పు కూడా సరిగ్గా వేసుకోలేడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అసలు నా కోపం ఈరోజుది కాదు. ఒళ్లు నొప్పులంటే చాలు, ఊరూరా నొప్పుల ఇంజక్షన్ పొడిచేస్తున్నారు. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు అది కిడ్నీల మీద ఎంత చెడ్డదో ఎవరూ చెప్పరు. పక్కనే శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో చూశాం. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, నిజమే. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ షుగరు కూడా కిడ్నీలను పాడుచేసేదే కదా! డయాలసిస్ దాకా వచ్చాక కాదు, ఊళ్లోనే ఏటా ఒకసారి మూత్రంలో ప్రోటీన్ చూడండి. నెలకు సరిపడా బిళ్లలు ఒకేసారి ఇవ్వండి. కాళ్లు చూడండి. పెద్దమ్మను తిట్టే నోటితోనే, ఆ ఇంజక్షన్లు పొడిచేవాళ్లను కూడా అడగండి.