చెడ్డర్‌కి మంగళస్నానం

మా అమ్మ తెనాలి నుంచి ఇంగ్లండ్‌లో మేముండే బ్రిస్టల్ వచ్చినప్పుడు నాలుగు కిలోల ఆవకాయ ప్యాకెట్లు కట్టించి సూట్‌కేసులో వేసింది. జాడీని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. రెండు పాత చీరల్లో చుట్టి, విమానం మారిన చోటల్లా చంటిపిల్లలా చంకనేసుకుని తెచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ ఉంటే ఆవిడకి నిద్ర పట్టదు.

సరిగ్గా ఆ వారమే నేనూ ఇంటికి ఒక సరుకు తెచ్చాను.

దీనికంతటికీ మూలం మా పక్కింటి పెద్దాయన. బ్రిస్టల్ పక్కనున్న సోమర్‌సెట్ జిల్లా మనిషి, రిటైరయ్యాడు. నా చేతిలో సూపర్‌మార్కెట్ చెడ్డర్ చీజ్ కవరు చూసినప్పుడల్లా, అల్లుడు ప్యాకెట్ పెరుగు తింటుంటే చూసిన పాడిగల అత్తగారిలా మొహం పెట్టేవాడు. "చెడ్డర్ అంటే మా వైపు ఒక ఊరు. అసలు సరుకు కావాలంటే పొలానికి వెళ్ళి కొనుక్కో" అన్నాడు. 2024లో లండన్‌లో ఎవరో పెద్ద వ్యాపారినని నమ్మించి 22 టన్నుల చెడ్డర్ ఎత్తుకుపోయిన కథ కూడా చెప్పాడు. మనవాళ్ళు నగల కొట్టు దోపిడీ గురించి చెప్పుకునే గొంతుతో చెప్పాడు. నాకు ఆశ పుట్టింది.

ఒక శనివారం మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. తోడుకున్న పాలగడ్డని ఇటుకల్లా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కాసేపటికోసారి తిరగేస్తున్నారు. బరువుకి నీళ్ళన్నీ దిగిపోతాయి. దీన్నే చెడ్డరింగ్ అంటారు. తర్వాత ఆ ఇటుకల్ని చిన్న ముక్కలు చేసి, ఉప్పు కలిపి, అచ్చుల్లో నొక్కి, గుడ్డ చుట్టి, చల్లటి గదిలో చెక్కబల్లల మీద ఏడాది, ఏడాదిన్నర మాగబెడతారు. పెద్ద చక్రం పాతిక కిలోల దాకా తూగుతుంది. 19వ శతాబ్దంలో జోసెఫ్ హార్డింగ్ అనే రైతు ఈ పనికి కొలతలూ శుభ్రతా నేర్పాడట. పాలు పిండే చోట మురికి కనిపిస్తే ఊరుకునేవాడు కాదట. మా అమ్మని చూసి ఉంటే ఆయన శిష్యరికం చేసేవాడు.

పాలు తోడుకోవడానికి లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారని అక్కడి మనిషి చెప్పాడు. నేను కాలేజీ రోజుల్లోనే దారి తప్పినవాణ్ణి కాబట్టి నాకు పట్టింపు లేదు. కానీ ఇంట్లో ఉన్నది కోడిగుడ్డు తగిలిందన్న అనుమానంతో కేకు కోసిన కత్తిని కూడా ముట్టని మనిషి. అందుకని రెండు కిలోల బుల్లి చక్రం కొని, మా ఆవిడకి ధర సగమే చెప్పి, అమ్మ కంటపడకుండా మెట్ల కింద అరలో దాచాను. చల్లగా, చీకటిగా ఉంటుంది.

ఆవకాయ జాడీకి కూడా చల్లగా, చీకటిగా ఉండే చోటే కావాలని నాకు తట్టలేదు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద, స్టీలు పళ్ళెంలో, పచ్చగా నిగనిగలాడుతూ ఏదో ఉంది.

"ఏవిట్రా నీ ఇల్లు!" అంది అమ్మ. "మెట్ల కింద బూజు పట్టి కుళ్ళిపోతుంటే చూసుకునే నాథుడు లేడు. పాపం అమ్మాయి ఉద్యోగానికి వెళ్తుంది, నేనేమీ అనను." (అనడం అయిపోయింది. మా ఆవిడ పైకి వెళ్ళిపోయింది.) "గుడ్డ ఊడదీసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి పీచుతో తోమాను. పసుపు రాసి ఉప్పు పట్టించాను. ఇంక పురుగు చేరదు."

ఏడాదిపాటు సోమర్‌సెట్ గాలి, బూజు, కంటికి ఆనని చీజ్ పురుగులు కలిసి కట్టిన ఆ పైపెచ్చు మొత్తం సింకులోకి పోయింది. చెడ్డర్ మంగళస్నానం చేసిన పెళ్ళికొడుకులా కూర్చుంది.

"ఏమంటార్రా దీన్ని?"

"చెడ్డర్."

"పేర్లోనే చెప్పాడు కదరా చెడ్డదని!"

పక్కింటాయన చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగొంతుతో, "రంగు వేసిందా కొన్నావు? మావాళ్ళు రంగు వేయరే" అన్నాడు. లోపల ముక్క మాత్రం అద్భుతంగా ఉంది. ఆ మాటకొస్తే ఆ పసుపు కూడా మరీ చెడ్డగా లేదు. ఇది ఆయన దగ్గర ఇంతవరకు అనలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆదివారం భోజనాలు. ముద్దపప్పు, నెయ్యి, జాడీలోంచి అప్పుడే తీసిన ఆవకాయ. మా అమ్మాయి పొలం నుంచి తెచ్చుకున్న కరపత్రం ముందు పెట్టుకుని తింటోంది.

"బామ్మా, నీ జాడీకి కట్టింది చీజ్ గుడ్డేనా?"

"అవునే తల్లీ. గట్టి నూలుగుడ్డ. పైన వేసిన గుండ్రటి ముక్క జాడీ మూతికి కొలత తీసినట్టుంది. చుట్టూ ఉన్న పట్టీ చించి వాసెన కట్టాను. ఉతుకుతుంటే ఎంత నెయ్యి తేలిందనుకున్నావ్! గుడ్డకి కూడా నెయ్యి పూశారంటే, పాడిపంటలున్న ఇల్లన్నమాట."

"నెయ్యి కాదు బామ్మా. ఇందులో ఉంది చూడు. లార్డ్."

"లార్డంటే దేవుడు కదుటే?" అమ్మ ఎడమచెయ్యి చెంపకి ఆనించుకుంది.

నేను బల్ల కింద నుంచి కాలితో తన్నాను. తగిలింది మా ఆవిడకి.

"ఆ లార్డ్ కాదు బామ్మా. పందికొవ్వు."

1857లో తూటాలకి ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారన్న మాటకే దేశం అంటుకుందని చిన్నప్పుడు చదివాను. మా ఇంట్లో దూడా పందీ ఒకే సరుకులో ఉన్నాయి. పైగా ఇది పుకారు కాదు, అచ్చులో ఉంది.

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. నోటిదాకా వచ్చిన ముద్దని కంచంలో పెట్టి, లేచి, తలమీద నుంచి స్నానం చేసి వచ్చి రెండు అరటిపళ్ళు తింది. "తింటే తినండి. ఈ కప్పు కింద మాత్రం వద్దు" అంది జాడీ వంక చూడకుండా. నాలుగు కిలోల కొత్తావకాయ! పక్కింటాయనకి ఇచ్చేశాం. ఇచ్చే ముందు నేను ఒక గాజుసీసాడు తీసి ఆఫీసు బ్యాగులో దాచుకున్నాను. ఇప్పటికీ ఆ బ్యాగులోంచి కాగితం తీస్తే మేనేజరు తుమ్ముతాడు.

పెద్దాయన ఆవకాయని రొట్టె మీద, చెడ్డర్ ముక్క పెట్టుకుని తిన్నాడు. మూడు వారాల్లో జాడీ ఖాళీ. తళతళలాడేలా కడిగి, తనే తలుపు కొట్టి అమ్మ చేతికిచ్చాడు. మూతికి సరికొత్త గుడ్డ కట్టి ఉంది. ఈ గుడ్డ ఆవిడకి ఇష్టమని గుర్తుపెట్టుకుని, పొలానికి వెళ్ళి అడిగి తెచ్చాడట.

"మామూలుగా వాళ్ళు ఉత్త గుడ్డే ఇస్తారు" అన్నాడు గర్వంగా. "నేనే దగ్గరుండి పూయించాను."

అమ్మ జాడీ అంచు రెండు వేళ్ళతో పట్టుకుని "థాంక్యూ" అంది.