పని ఎవరు చెప్పాలి?

కొత్త దేశం చూడాలని, రెజ్యూమేలో ఓ లైన్ చేరాలని, అమెరికా యూనివర్సిటీ దరఖాస్తులో రాసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని, నిజంగానే నలుగురికి సాయపడాలని... డబ్బు కట్టి మరీ పరాయి దేశానికి సేవకు వెళ్లేవారిని కదిలిస్తే ఇవన్నీ కలగలిసే బయటికొస్తాయి. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదన్నది మా అభిప్రాయం.

2000లో మొదలైన తిరుమల శ్రీవారి సేవనే చూడండి. వచ్చినవారు కూరగాయలు తరుగుతారు, అన్నప్రసాదం వడ్డిస్తారు, క్యూలో ఉన్నవారికి మంచినీళ్లు అందిస్తారు. చివర్లో స్వామి దర్శనం దొరుకుతుందన్న ఆశను ఎవరూ దాచుకోరు, దాచుకోవాల్సిన పనీ లేదు. ఎవరు ఎక్కడ ఏం చేయాలో చెప్పేది దేవస్థానం. ఎంత పెద్ద ఇంజినీరైనా గుమ్మడికాయల దగ్గర కూర్చోమంటే కూర్చోవాల్సిందే.

కాంబోడియాలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. ఆంగ్‌కోర్ వాట్ చూడటానికి వచ్చినవారు అనాథ పిల్లలతో నాలుగు రోజులు గడపాలని ముచ్చటపడ్డారు. అడిగేవారున్నారు, వారి దగ్గర డాలర్లున్నాయి, ఇంకేం కావాలి? 2005 నుంచి 2010 లోపు ఆ దేశంలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. పోనీ అనాథలు పెరిగారా అంటే అదీ లేదు. ఆశ్రమాల్లోని ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. చదువు చెప్పిస్తామంటే నమ్మి పంపిన పేద తల్లిదండ్రులు వాళ్లు. విదేశీయులు రాగానే పాటలు పాడటం, చంకనెక్కడం పిల్లలకు డ్యూటీ అయిపోయింది. వారానికో కొత్త అక్క, కొత్త అన్న వస్తారు. చేరిక అయ్యేలోపు విమానం ఎక్కేస్తారు. నేపాల్‌లోనూ ఆశ్రమాలు వెలిసింది ఎక్కువగా పర్యాటకులు తిరిగే జిల్లాల్లోనే. సంపాదన కోసం పిల్లల్ని ఇలా ఆశ్రమాలకు చేర్చడాన్ని 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం కింద గుర్తించింది.

అక్కడికి వెళ్లినవారిలో ఎక్కువమంది మంచి మనసుతోనే వెళ్లి ఉంటారు. ఆ మంచి మనసే ఈ వ్యాపారానికి పెట్టుబడి అయింది. కాబట్టి ఎందుకు వెళ్తున్నారని ఆరా తీయడం కన్నా, అక్కడ పని ఎవరు చెబుతున్నారని అడగడం మేలు.

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మన పిల్లలు సొంతూరి బడిలో వారం రోజులు ఇంగ్లిష్ చెప్పి, ఫొటోలు దిగి వెళ్తుంటారు. ఆ వారం సిలబస్ ఆగిపోయిందని పంతులుగారు పైకి అనలేరు, ఎందుకంటే బడికి కొత్త బెంచీలు ఇచ్చింది ఆ కుటుంబమే. ఏం కావాలో ముందుగా ఆయన్నే అడిగితే ఏ కంప్యూటర్ రిపేరో, మరుగుదొడ్లకు నీళ్లో అంటారేమో.

బాలల సంరక్షణ గృహాల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇవి రిజిస్టర్ కావాల్సినవే. రిజిస్ట్రేషన్ లేనిచోటికి వాలంటీర్లను పంపే ఏజెన్సీలపై రెండు తెలుగు రాష్ట్రాలూ చర్య తీసుకోవాలి. ఉన్నచోట కూడా పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ పిల్లల దగ్గరికి పంపకూడదు. వారం పది రోజులకు వచ్చేవారికి లెక్కలు రాయడం, గోడలకు సున్నం వేయడం వంటి పనులు చాలు.